పజిల్ కాని బోర్డు మీద మంచి ఎత్తు వెతకడం

పజిల్స్ యాప్‌లో చకచకా సమాధానాలు చెప్పేవాళ్లు టోర్నమెంట్ బోర్డు ముందు కూర్చోగానే అవే టాక్టిక్స్‌ని, అంటే పావు గెలిచే, మేట్ చేసే చిన్న మెలికల్ని, చూడకుండా దాటేస్తుంటారు. పజిల్ తెరవగానే ఇక్కడ ఏదో ఉందని ముందే తెలిసిపోతుంది, సగం జవాబు అదే. నిజం ఆటలో ఆ మాట ఎవరూ చెవిలో చెప్పరు. చాలా ఎత్తుల దగ్గర ఏ మెరుపూ ఉండదు, ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ ఒక్కచోటు మనమే పసిగట్టాలి.

దీనికి తోడు నేర్పే పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. టాక్టిక్స్ ఒక పాఠం, పొజిషనల్ ఆట (పావుల్ని మెల్లగా మంచి చోట్లకి చేర్చడం) ఇంకో పాఠం అని విడదీసి చెప్తాం. బోర్డు మీద అవి విడిగా రావు. బాగా కుదిరిన పొజిషనల్ ఎత్తు కింద దాదాపు ఎప్పుడూ ఓ చిన్న టాక్టిక్ ఆసరాగా ఉంటుంది. పెద్ద కాంబినేషన్‌కి (ఒకదాని వెంట ఒకటి తప్పనిసరిగా వచ్చే ఎత్తుల వరసకి) ముందు చాలాసార్లు ఒక నెమ్మది ఎత్తు అవసరమవుతుంది. ఈ సంగతి మూడు స్థితుల్లో చూద్దాం. బోర్డు పక్కన పెట్టుకుని పావులు కదుపుతూ చదివితేనే పట్టు దొరుకుతుంది. గడుల పేర్లు మామూలుగా స్కోరుషీటులో రాసేవే: నిలువు వరసలు తెల్లవాళ్ల ఎడమ నుంచి ఏ–హెచ్, అడ్డు వరసలు వాళ్ల వైపు నుంచి 1–8. పావు పేరు లేకుండా గడి మాత్రమే ఉంటే అది బంటు ఎత్తు, × అంటే కొట్టడం, + అంటే చెక్, ! అంటే మంచి ఎత్తు, ముందు మూడు చుక్కలుంటే నల్లవాళ్ల ఎత్తు. పావుల పేర్లు కూడా టోర్నమెంట్ హాల్లో వినపడేవే వాడుతున్నాను: రూక్, బిషప్, నైట్, క్వీన్. ఇంట్లో ఏనుగు, శకటు, గుర్రం, మంత్రి అనుకునేవాళ్లు అలాగే చదువుకోండి.

వదిలేసిన గడులు

ప్రత్యర్థి ఎత్తు వెయ్యగానే మన ప్లాన్‌లో తర్వాతి ఎత్తు వేసేద్దామని చెయ్యి లాగుతుంది. దానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ పావు అక్కడి నుంచి కదిలి దేన్ని వదిలేసింది? కదిలిన పావు కొత్తగా ఏ గడుల మీద కన్నేసిందో అందరికీ కనిపిస్తుంది. ఏ గడుల కాపలా మానేసిందో చాలామందికి కనిపించదు.

నల్ల నైట్ ఎఫ్6 నుంచి డి7కి వెళ్లిందనుకోండి. హెచ్7, హెచ్5, జి4, ఈ4, డి5 గడుల మీద దాని కాపలా ఒక్క దెబ్బతో పోయింది. నల్ల రాజు కింగ్‌సైడ్ క్యాజిల్ చేసి (రూక్‌తో చోటు మార్చుకుని జి8కి చేరి) ఉండి, తెల్లవాళ్ల బిషప్ డి3లో, నైట్ ఎఫ్3లో, క్వీన్ డి1లో ఉంటే బిషప్×హెచ్7+ లెక్క ఆ క్షణంలోనే మొదలుపెట్టాలి: రాజు×హెచ్7, నైట్ జి5+, రాజు జి8, క్వీన్ హెచ్5, ఇక హెచ్7లో మేట్ బెదిరింపు.

ఇది అందరికీ తెలిసిన దాడే. దెబ్బతినేది దాని షరతులు చూడకపోవడం వల్ల. ఈ5లో తెల్ల బంటు ఉందా? లేకపోతే డి7 నైట్ తిరిగి ఎఫ్6కి వచ్చి హెచ్7ని కాపాడేస్తుంది, క్వీన్‌ని కూడా తరుముతుంది. ఎఫ్8లో రూక్ ఇంకా అక్కడే ఉందా? అది ఈ8కి జరిగి ఉంటే నైట్ ఎఫ్8కి వచ్చి హెచ్7 పట్టుకుంటుంది, చాలాసార్లు దాడి అక్కడితో ఆగిపోతుంది. నల్ల బిషప్ ఎఫ్5కి రాగలదా? ఇంకా సి8లోనే ఉంటే డి7 నైటే దారికి అడ్డు, ముందే బయటికి వచ్చి ఉంటే రావచ్చు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, నైట్ జి5+ తర్వాత రాజు జి8కి కాకుండా జి6కి ఎక్కితే ఏం చేస్తారు? క్వీన్ జి4 పనిచేస్తుందా, డి3 నుంచి చెక్ ఉందా, హెచ్4 బంటు వెయ్యాలా? ఇవి ముందే తేల్చుకోకుండా బిషప్‌ని హెచ్7 మీద పారేస్తే, తర్వాత బోర్డు ముందు గడియారం తిరుగుతుండగా తేల్చుకోవాల్సి వస్తుంది. ఈ బలిదానాలు ఎక్కువగా బెడిసికొట్టేది జి6 దగ్గరే.

టాక్టిక్ వాసన పట్టించే గుర్తులు ఇంకా ఉన్నాయి. ఒకే గీత మీద నిలబడ్డ రెండు పావులు, రెండు పనులు నెత్తిన వేసుకున్న ఒక్క పావు, ఊపిరాడని రాజు. వీటన్నిటిలో కాపలా లేని పావే మొదటిది. ప్రత్యర్థి గడియారం నడుస్తున్నప్పుడు ఇరువైపులా కాపలా లేని పావులు ఏవో లెక్కపెట్టుకోవడం ఒక అలవాటుగా పెట్టుకుంటే ఫోర్క్‌లు, డబుల్ ఎటాక్‌లు (ఒకే ఎత్తుతో రెండిటి మీద దాడులు) సగం వాటంతటవే కనపడతాయి.

ఒక్క గడి తేడా

మొదటి స్థితి ఇలా వస్తుంది: 1. ఈ4 ఈ5 2. నైట్ ఎఫ్3 డి6 3. బిషప్ సి4 నైట్ సి6 4. నైట్ సి3 బిషప్ జి4. తెల్లవాళ్ల ఎత్తు.

నల్ల బిషప్ ఎఫ్3 నైట్‌ని క్వీన్‌కి అంటగట్టి పిన్ చేసింది, నైట్ కదిలితే వెనకున్న క్వీన్ దొరుకుతుంది. కానీ ఆ బిషప్‌కే కాపలా లేదు. గుర్తు దొరికింది. వెంటనే తట్టే ఆలోచన 5. నైట్×ఈ5. క్వీన్‌ని ఆశపడి 5...బిషప్×డి1 అంటే 6. బిషప్×ఎఫ్7+, రాజుకి ఈ7 తప్ప దారి లేదు, 7. నైట్ డి5 మేట్. ఈ5 నైట్ డి7ని, ఎఫ్7ని కాస్తోంది. ఎఫ్7 బిషప్ ఈ6, ఈ8లను మూసింది. డి5 నైట్ ఎఫ్6ని పట్టింది. మూడు చిన్న పావులు రాజు చుట్టూ గూడు కట్టేశాయి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో!

కానీ నల్లవాళ్లు క్వీన్‌ని కొట్టాలన్న రూలేమీ లేదు. 5...నైట్×ఈ5 అంటే ఆ నైట్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది: మన నైట్‌ని తినేసింది, జి4లో దిక్కులేకుండా ఉన్న బిషప్‌కి కాపలాగా నిలబడింది. ఇప్పుడు 6. క్వీన్×జి4 అంటే నైట్×జి4. పైగా ఈ5లో ఉన్నంతసేపూ అది మన సి4 బిషప్ మీద కూడా దాడి. ఒక బంటుకి నైట్ పోయింది.

ఇక్కడే చాలామంది "సరే, ఇది పనిచెయ్యదు" అని ఆలోచనని బుట్టదాఖలు చేసి క్యాజిల్ చేసేస్తారు. అది తొందరపాటు. ఆలోచన చెడినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: సరిగ్గా దేనివల్ల చెడింది? ఈ5 నైట్ జి4 గడిని చూడటం వల్ల. మరి బిషప్ జి4లో కాక ఇంకోచోట ఉంటే?

5. హెచ్3! ఒక బంటుని ఒక గడి కదపడం. బిషప్ అలవాటుగా పిన్ నిలబెట్టుకుంటూ 5...బిషప్ హెచ్5 అంటే, 6. నైట్×ఈ5! ఇప్పుడు క్వీన్‌ని కొడితే పాత మేటే. 6...నైట్×ఈ5 అంటే 7. క్వీన్×హెచ్5, ఈ5 నైట్‌కి హెచ్5 అందదు. నల్లవాళ్లు 7...నైట్×సి4 అని మన బిషప్‌ని తీసుకుంటారు. లెక్క ఇక్కడ ఆపితే మనం ఒక బంటు లాభంలో, ఒక పావు నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. "అబ్బే, లాభం లేదు" అని వదిలేసేవాళ్లు ఆపేది సరిగ్గా ఇక్కడే. ఇంకొక్క ఎత్తు చూడండి: 8. క్వీన్ బి5+! ఈ5 ఖాళీ అయింది కాబట్టి అయిదో అడ్డు వరస అంతా క్వీన్‌కి తెరుచుకుంది. సి6 నైట్ వెళ్లిపోయింది కాబట్టి బి5 నుంచి ఈ8 దాకా దారి తెరుచుకుంది. చెక్, దానితోపాటు సి4 నైట్ మీద దాడి. నైట్ తిరిగి చేతికొస్తుంది, చివరికి మనకి ఒక బంటు ఎక్కువ.

నల్లవాళ్లు హెచ్3కి 5...బిషప్×ఎఫ్3 అని సరిగ్గా ఆడితే 6. క్వీన్×ఎఫ్3 తర్వాత మనకి రెండు బిషప్‌లు మిగిలాయి, ఎఫ్7 మీద మేట్ బెదిరింపు కూడా ఉంది. అప్పుడు క్వీన్‌ని తరుముదామని 6...నైట్ డి4 వేస్తే 7. క్వీన్×ఎఫ్7 మేట్. నల్లవాళ్లు 6...నైట్ ఎఫ్6 అని సర్దుకుంటే ఆట మామూలుగా సాగుతుంది. అంటే హెచ్3 తప్పు ఎత్తుని శిక్షిస్తుంది, సరైన ఎత్తు వచ్చినా మనకేమీ నష్టం కాదు. ఉచ్చు పన్నే ముందు ఈ రెండో మాట సరిచూసుకోవాలి. ప్రత్యర్థి పడకపోతే మన స్థితి చెడేలా ఉంటే ఆ ఉచ్చు వద్దు.

ఎత్తులు లెక్కించేటప్పుడు వచ్చే తప్పులు చాలావరకు ఈ చిన్న ఉదాహరణలోనే ఉన్నాయి. ప్రత్యర్థి మనం కోరుకున్న పావునే కొడతాడని అనుకోవడం ఒకటి. మాట మధ్యలో లెక్క ఆపేయడం ఇంకొకటి: కొట్టడాలు, చెక్‌లు పూర్తిగా అయిపోయి బోర్డు సద్దుమణిగాక, ఆ తర్వాత ఇంకొక ఎత్తు చూసి ఆపాలి. మూడోది, మనసులో కదిపేసిన పావు ఇంకా పాతచోటే కనపడటం. సి6 నైట్ వెళ్లిపోయినా చాలామంది ఊహలో అది అక్కడే కూర్చుని ఉంటుంది, అందుకే బి5 చెక్ తట్టదు. దీనికి మందు, రెండు మూడు ఎత్తులకోసారి ఊహలో ఆగి "ఇప్పుడు సి6లో ఏముంది, ఈ5లో ఏముంది" అని ఖాళీ అయిన గడుల్ని పేరుపేరునా చెప్పుకోవడం.

వరస మాత్రం ఎప్పుడూ ఒకటే: ముందు చెక్‌లు, తర్వాత కొట్టడాలు, తర్వాత బెదిరింపులు. మనవి ఒకసారి, ప్రత్యర్థివి ఒకసారి. అలా చూసి రెండో మూడో ఎత్తులు ఏరుకున్నాకే లోతుకి దిగాలి. మొదట తట్టిన ఎత్తునే పట్టుకుని ఎనిమిది ఎత్తుల లోతు ఈదడం కన్నా, మూడు ఎత్తుల్ని మూడేసి ఎత్తుల లోతు చూడటం క్లబ్ స్థాయిలో ఎక్కువ పాయింట్లు తెస్తుంది.

మెరుపు లేని చోట

చెక్‌లు లేవు, కొట్టదగ్గది లేదు, బెదిరింపు లేదు. ఇప్పుడేం చెయ్యాలి? ఇక్కడే ఆటగాళ్లు ఊరికే ఒక పావుని అటూ ఇటూ జరుపుతారు. నా దృష్టిలో మూడు ప్రశ్నలు చాలు. మన పావుల్లో అన్నిటికన్నా పనిలేకుండా ఉన్నది ఏది, దానికి మంచి చోటు ఎక్కడ? ప్రత్యర్థి తర్వాతి ఎత్తులో ఏం చెయ్యాలని చూస్తున్నాడు? ఏ పావులు మార్పిడి అయితే మనకి లాభం? మూడోది అన్నిటికన్నా కష్టం, అందుకే దాని మీద ఎక్కువసేపు ఉందాం.

1971లో బ్యూనస్ ఐరిస్‌లో బాబీ ఫిషర్, టిగ్రాన్ పెట్రోసియాన్ క్యాండిడేట్స్ ఫైనల్ (ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే మ్యాచ్) ఆడారు. ఏడో గేమ్, 22వ ఎత్తు ముందు స్థితి ఇది. తెలుపు: రాజు జి1, రూక్‌లు ఏ1, ఈ5, బిషప్ డి3, నైట్ సి5, బంట్లు ఏ2, బి4, ఎఫ్3, జి2, హెచ్2. నలుపు: రాజు ఎఫ్8, రూక్‌లు ఏ7, ఏ8, బిషప్ డి7, నైట్ ఎఫ్6, బంట్లు ఏ6, డి5, ఎఫ్7, జి7, హెచ్7.

బలగం సమానం. తెల్ల నైట్‌ని చూడండి, సి5లో బి4 బంటు ఆసరాతో సింహాసనం వేసుకుని కూర్చుంది. నల్ల బిషప్ డి7లో నీరసంగా ఉంది. అలాంటి నైట్‌ని ఇచ్చి ఇలాంటి బిషప్‌ని ఎవరైనా తీసుకుంటారా? ఫిషర్ తీసుకున్నారు: 22. నైట్×డి7+!

రెండో ప్రశ్న వేస్తే ఎందుకో తెలుస్తుంది. పెట్రోసియాన్ తర్వాతి ఎత్తు ...బిషప్ బి5. తెల్లవాళ్లు అక్కడ కొడితే ఏ6 బంటు బి5కి వచ్చేసి 'ఏ' ఫైల్ (నిలువు వరస) తెరుచుకుంటుంది. ఏ7, ఏ8లో ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ రూక్‌లు ఏ2 బంటు మీద పడతాయి. పనిలేని బిషప్, బలహీన ఏ6 బంటు, మూలన పడ్డ రూక్‌లు, మూడు ఇబ్బందులూ ఒక్క ఎత్తుతో తీరిపోతాయి. 22. ఏ4 వేసి బి5ని అడ్డుకోవచ్చు కదా అంటే, ...బిషప్ సి6, ఆపైన ...నైట్ డి7 వచ్చి సి5 నైట్‌నీ ఈ5 రూక్‌నీ కలిపి అడుగుతుంది. ముద్దుగా కనిపించే నైట్ ఇంకెంతోసేపు అక్కడ ఉండదన్నమాట. పైగా అది సి ఫైల్‌కి అడ్డంగా కూర్చుని మన రూక్ దారే మూసేస్తోంది.

ఇక కింద ఉన్న టాక్టిక్. 22. నైట్×డి7+కి నల్లవాళ్లు నైట్‌తో కొడితే ఎఫ్6 ఖాళీ అయి డి5 బంటుకి కాపలా పోతుంది, 23. రూక్×డి5. కాబట్టి రూక్‌తోనే కొట్టాలి: 22...రూక్×డి7. వెంటనే 23. రూక్ సి1. ఇప్పుడు రూక్ సి6కి వస్తే, డి3 బిషప్‌తో కలిసి ఏ6 మీద రెండు దాడులవుతాయి. 23...రూక్ డి6 అని కాపాడుకోక తప్పలేదు, అప్పుడు 24. రూక్ సి7. ఏడో అడ్డు వరస ఫిషర్ చేతికొచ్చింది. 31వ ఎత్తుకి రెండో రూక్ కూడా ఈ7 చేరింది. 34వ ఎత్తుతో ఆట ముగిసింది. ఆ మ్యాచ్‌ని ఫిషర్ 6.5–2.5 తేడాతో గెలిచారు.

డి5 మీద ఆ చిన్న టాక్టిక్ లేకపోతే నల్లవాళ్లు నైట్‌తో కొట్టి, రూక్‌లని వదులు చేసుకుని ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఎంత గొప్ప ఆలోచనైనా దాన్ని బోర్డు మీద నిలబెట్టేది ఇలాంటి లెక్కే. మార్పిడి ఆలోచించేటప్పుడు బోర్డు మీంచి వెళ్లిపోయే పావుని తల్చుకుని బాధపడటం సహజం. చూడాల్సింది మిగిలే పావుల్ని. ఇక్కడ మిగిలినవి విశాలంగా తెరుచుకున్న బోర్డు మీద పరుగులు పెట్టే బిషప్, పట్టు లేని నైట్.

బంట్లతో చేసే ప్లాన్‌లకీ ఇదే వర్తిస్తుంది. క్వీన్స్ గ్యాంబిట్ అనే ఓపెనింగ్‌లో డి5 దగ్గర మార్పిడి అయ్యాక తెల్లవాళ్లు బి4, బి5 అని తక్కువ బంట్లతో ఎక్కువ బంట్ల మీదకి వెళ్లడం పేరున్న ప్లాన్. సి6లో బలహీన బంటు మిగల్చడం దాని లక్ష్యం. రూక్ బి1, బి4, అవసరమైతే ఏ4, తర్వాత బి5. కానీ బి4 పడగానే సి4 గడికి బంటు కాపలా ఉండదు. నల్లవాళ్లు సమయం చూసి ...బి5 వేసి మన బంటుని ఆపేసి, నైట్‌ని బి6 మీదుగా సి4కి తెచ్చుకుంటే ప్లాన్ మొత్తం తిరగబడుతుంది. అందుకని బి4 వేసే ముందు నల్ల నైట్‌లు సి4కి ఎన్ని ఎత్తుల దూరంలో ఉన్నాయో లెక్కపెట్టాలి.

మార్పిడి చివరిదాకా చూడటం

2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్. మన తెలుగు కుటుంబం బిడ్డ దొమ్మరాజు గుకేశ్ నల్ల పావులతో, డింగ్ లిరెన్ తెల్ల పావులతో. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. ఇద్దరికీ ఒక్కో రూక్, తెల్ల గడుల మీద నడిచే ఒక్కో బిషప్. ఇలాంటివి జాగ్రత్తగా ఆడితే డ్రా అవుతాయి. 55వ ఎత్తులో డింగ్ రూక్ ఎఫ్2 అని రూక్‌ల మార్పిడికి దిగారు.

పావులు తగ్గితే డ్రా దగ్గరవుతుందన్న ఆలోచన చాలాసార్లు నిజమే. ఇక్కడ మాత్రం ఆయన బిషప్ ఏ8 మూలన ఉంది. మూలన ఉన్న బిషప్‌కి ఒకే ఒక్క గీత, బి7, సి6, డి5 మీదుగా పోయేది. 55...రూక్×ఎఫ్2 56. రాజు×ఎఫ్2 బిషప్ డి5! రాజు కాపలాతో నల్ల బిషప్ ఆ గీత మీదే వచ్చి నిలబడింది. తెల్ల బిషప్ బి7కి వెళ్లినా, సి6కి వెళ్లినా అదే గీత. తప్పించుకునే చోటు లేదు. 57. బిషప్×డి5 రాజు×డి5 58. రాజు ఈ3 రాజు ఈ5, డింగ్ ఓటమి ఒప్పుకున్నారు. మిగిలింది బంట్ల ఎండ్‌గేమ్, అందులో ఒక బంటు ఎక్కువ ఉండటం చాలాసార్లు గెలుపే. 18 ఏళ్లకి గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

రూక్‌లు మారితే ఏమవుతుంది అనే ప్రశ్నకి జవాబు సరిపోదు. అవి మారాక ఇంకేం మారక తప్పదు, చివరికి రాజులు, బంట్లు మాత్రమే మిగిలితే ఎవరు గెలుస్తారు, అక్కడిదాకా వెళ్లాలి. వెనకబడి ఉన్నవాళ్లకి ఒక పనికొచ్చే సూత్రం: బంట్లు మార్చుకోండి, పావులు మార్చుకోవడానికి తొందరపడకండి. ముందున్నవాళ్లకి దీనికి తలకిందులు.

గడియారం, సాధన

90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల ఇంక్రిమెంట్ (అదనంగా కలిసే సమయం) ఉండే గేముల్లో ప్రతి ఎత్తుకీ ఇంత తతంగం కుదరదు, అక్కర్లేదు కూడా. తప్పనిసరి ఎత్తుని వెంటనే వేసెయ్యండి, కానీ తప్పనిసరి అని తేలాకే. పది, పదిహేను నిమిషాలు ఖర్చుపెట్టాల్సిన చోట్లు మూడు రకాలు: ఓపెనింగ్‌లో తెలిసిన ఎత్తులు అయిపోయిన చోటు, బంట్ల అమరిక మారబోతున్న చోటు, క్వీన్‌లో రూక్‌లో మార్పిడికి వచ్చిన చోటు. బంటు వెనక్కి రాదు, పోయిన పావు తిరిగి రాదు, అందుకని.

వెయ్యబోయే ఎత్తు ఖాయమయ్యాక, చెయ్యి చాపే ముందు చూపు ఒకసారి బోర్డు మీంచి తీసి మళ్లీ కొత్తగా చూడండి. ఇప్పుడే వచ్చి నిలబడ్డ మనిషిలా: ఈ ఎత్తు వేస్తే ప్రత్యర్థికి ఏ చెక్ ఉంది, ఏం కొట్టగలడు? పది సెకన్ల పని. చేతిలోకొచ్చిన గేములు పోయేది ఎక్కువగా ఈ పది సెకన్లు దాటెయ్యడం వల్లే.

సాధనకి, టాక్టిక్ ఉందో లేదో తెలియని స్థితులే మేలు. మీ సొంత గేముల్లోంచి, లేదా గ్రాండ్‌మాస్టర్ల గేముల్లోంచి ఏదో ఒక 20వ ఎత్తు దగ్గర ఆపండి. పది నిమిషాలు పెట్టుకుని, పావులు కదపకుండా, మూడు ఎత్తులు కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ప్రత్యర్థి వేసే గట్టి జవాబు రాయండి. ఆ తర్వాతే ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే చెస్ ప్రోగ్రామ్) తెరవండి. ఇంజిన్ మొదటి ఎత్తుకి 0.3, మీ ఎత్తుకి 0.2 (ఒక బంటు ఆధిక్యం దాదాపు 1 అనే కొలతలో) చూపిస్తే పట్టించుకోవద్దు, మనుషుల ఆటలో అది తేడానే కాదు. మీరు రాసిన మూడింటిలో ఆ ఎత్తు లేకపోతేనో, ప్రత్యర్థి జవాబుగా మీరు రాసినదానికన్నా గట్టిది ఇంజిన్ చూపిస్తేనో, అక్కడ ఆగి, ఏ గడి, ఏ పావు మీ కంటపడలేదో ఆ కాగితం మీదే ఒక్క వాక్యంలో రాసుకోండి. ఇరవై కాగితాలు పోగయ్యాక వాటిని వరసగా చదవండి. ఒకరికి వెనక్కి వచ్చే నైట్ ఎత్తులు కనపడటం లేదని తేలుతుంది, ఇంకొకరికి దూరం నుంచి వచ్చే బిషప్‌లు. తర్వాతి నెల ఏం సాధన చెయ్యాలో ఆ కాగితాల్లోనే ఉంటుంది.